ఓరుగంటి కల్లు

ఓరుగల్లు, ఏకశిల, సుల్తాన్‌పురము, వరంగల్ అని ఒక్క పట్టణమునకే వేర్వేరు కాలములందు వేర్వేరు పేర్లు నడచినవి. ఇందు సుల్తాన్‌పురమనునది 1323లో ఢిల్లీసేనలు కోటను గైకొన్న పిమ్మట పెట్టబడిన పేరు. అది నాణెములమీద నిలిచినది గాని జనుల నాలుకలమీద నిలువలేదు. తక్కిన మూడును ఒక్క నామవాచకము చుట్టునే తిరుగుచున్నవి. ఆ నామవాచకము కల్లు. హనుమకొండ నుండి కాకతీయుల రాజధాని రుద్రదేవ గణపతిదేవుల కాలములందు క్రమముగా నీచోటికి మారినది. మట్టికోట, కందకము, రాతికోట వరుసగా చుట్టిన ఆ నగరము నడుమ నొక్క పెద్ద బండగుట్ట నేటికిని గలదు. ఆ గుట్టయే పేరునకు మూలమని లోకము నమ్మిక.

కల్లనగా నేమని యడిగిన బాలునకు రాయియని చెప్పి ముందునకు సాగుట పాఠశాలలలో పరిపాటి. ఆ సమాధానము తప్పుగాదు, కాని చాలదు. ఒక నామవాచకమునకు అర్థము దానియందు కొంతయు, దానితో గూడిన మాటయందు కొంతయు నుండును. కల్లు ఏ మాటకు ముందు నిలిచినది, దేని వెనుక నిలిచినది, విభక్తి చేరినప్పుడెట్లు మారినది యను విషయములను విడిచి, పర్యాయపదము నొక్కటి చేతబట్టుకొని పోయినవారు దారి తప్పుదురు. బమ్మెర పోతనామాత్యుని ఏకశిలానగర మేదియను చిరకాలవివాదమునందు ఇట్టి దారితప్పుటలు కొన్ని గలవు. ఆ సంగతి తుదిని గాని తేలదు. ముందుగా మాట పుట్టువును విచారింపవలసియున్నది.

తెలుగున శిలకు ముఖ్యముగా రెండు దేశ్యపదములు గలవు. ఒకటి కల్లు. తమిళమున కల్, కన్నడమున కల్లు దీని సోదరులు. బరో, ఎమెనో పండితులు 1961లో ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువున ఈ రూపములన్నియు నొక్కచో జేర్పబడినవి. రెండవది రాయి. పూర్వము శకటరేఫముతో ఱాయి యని వ్రాయబడిన యీ మాట తమిళపు అఱై, కన్నడపు అఱె యను బండయర్థముగల పదములకు దోబుట్టువు. మొదటి యచ్చు వెనుకకు జరిగి హల్లు ముందునకు వచ్చుట తెలుగున క్రొత్తగాదు. తమిళమున ఉరల్ అనునది తెలుగున రోలైనది గదా.

ఈ రెంటిలో ఒంటరిగా నిలుచు హక్కును రాయి గైకొన్నది. కన్నడిగుడు త్రోవలోని రాతిని నేటికిని కల్లనియే యనును. తెలుగువాడు వట్టి కల్లన్నచో వినువాని చూపు తాటిచెట్టుమీదికి బోవును. దీనికి గారణము సోదరభాషలను జూచిన దెలియును. తమిళమున రాయికి కల్, మద్యమునకు కళ్. కన్నడమున రాయికి కల్లు, మద్యమునకు కళ్ళు. ఆ భాషలలో లకార ళకారముల భేదము రెండు మాటలను వేరుచేసి కాపాడినది. తెలుగున నా భేదము చెరగి రెండును కల్లే యైనవి. ఒకే యూరిలో, ఒకే నోట, ఒకే రూపముగల రెండు మాటలు దినదినమును వాడుకలో నున్నప్పుడు ఒకటి తప్పుకొనక తప్పదు. ఇట తప్పుకొన్నది రాయియర్థముగల కల్లు. అందుకే ఓరుగల్లనగా ఒక్క కల్లని వ్యుత్పత్తి చెప్పు పండితుడు బాలుర నవ్వునకు సిద్ధపడి యుండవలెను. కల్లుమండువలు గల సీమలో ఆ నవ్వు సహజమే.

తప్పుకొన్నదన్నంత మాత్రమున నశించినదని గాదు. సమాసములలో దాగినది. ఆ దాగిన కల్లును పట్టుకొనుటకు వ్యాకరణమే సాధనము. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున ఇ, టి, తి యను వర్ణములను ఔపవిభక్తికములుగా జెప్పెను. రాయికి తివర్ణము చేరి రాతి యగును. చేయి చేతి, గోయి గోతి యైనట్లు. కల్లునకు టివర్ణము చేరును. ఇల్లు ఇంటి, ముల్లు ముంటి, విల్లు వింటి యైనట్లే ఓరుగల్లు ఓరుగంటి యైనది. ఓరుగంటి కోట, ఓరుగంటి రాజ్యము, ఓరుగంటివారను ఇంటిపేరు అన్నియు ఈ రూపమునే చూపుచున్నవి. పానుగల్లు, పానుగంటి యను జంటయు ఈ వరుసలోనిదిగా దోచుచున్నది. మద్యార్థకమైన కల్లున కీ మార్పు లేదు. కల్లుకుండ, కల్లుగీత, కల్లుపాక యందుము గాని కంటికుండ యనము. కాబట్టి విభక్తి చేర్చి చూచినచో రెండు కల్లులును వెంటనే విడిపోవును. వేయి మాటల వ్యాఖ్యకన్న ఈ యొక్క పరీక్ష బాలురకు మేలు చేయును.

అయితే ఒక చిక్కు తీరగా నింకొకటి పుట్టినది. ఓరుగంటి యన్నప్పుడు వినబడు గంటి, కన్నునకు ఔపవిభక్తికమైన కంటితో గలియుచున్నది. ఒంటికన్నువాడు, ముక్కంటి మొదలైన మాటల నెరిగిన బాలుడు ఓరుగంటివారనగా ఒక కన్నుగలవారని యర్థము చెప్పుకొన్న నాతని దప్పుబట్ట బనిలేదు. ఆ రూపమే యట్లు పలుకుచున్నది. బహువచనమునందును ఇదే గతి. ఇల్లు ఇండ్లైనట్లు వడగల్లు వడగండ్లగును. వడగండ్లవానలో కురియునవి కండ్లు గావు, కల్లులే, మంచురాళ్లని భావము. ఆంగ్లమున సైతము వీనిని హెయిల్‌స్టోన్ అని రాతితోడనే కూర్చి చెప్పుదురు. సంబంధములేని రెండు భాషలు ఆకాశమునుండి పడు మంచుగడ్డను రాయియనియే తలచుట గమనింపదగినది.

ఇట్లు దాగిన కల్లులలో మిక్కిలి లోతుగా దాగినది తిరుగలిలో గలదు. తిరుగు కల్లు తిరుగలి. తమిళమున తిరికల్ అని రాయి స్పష్టముగా వినబడును. తెలుగున లకారద్విత్వము బోయి కడపటి యచ్చు మారుటచే ఆడువారు విసరుచు పాడుచు నున్నను అందు రాయియను మాట గలదను తలపు లేదు. సన్నికల్లునందు మాత్రము కల్లు చెడక నిలిచినది. వివాహమున వధువుచే సన్నికల్లు త్రొక్కించుట గలదు. రాతివలె స్థిరముగా నుండుమని యా తంతునకు భావము, సంస్కృతమున అశ్మారోహణమందురు. నిత్యము పచ్చడి నూరు రాయి ఆ యొక్క ముహూర్తమున స్థైర్యమునకు గురుతగుచున్నది. వస్తువు మారలేదు, మాటయు మారలేదు. కూడిన క్రియ మారినది. నూరుటతో గూడినప్పుడు వంటయిల్లు, త్రొక్కుటతో గూడినప్పుడు పెండ్లిపీట.

వీరగల్లు యుద్ధమున మడిసినవానికై నిలిపిన శిల. కల్లుప్పు రాళ్లుగా నుండు ఉప్పు. ఒరగల్లు బంగారమును గీచి చూచు రాయి. ఒరయుట యనగా రాచుట. కన్నడమున ఒరెగల్లు అందురు. ఒరగల్లునకును ఓరుగల్లునకును వినికిడిలో భేదము మిక్కిలి స్వల్పము. పైగా కాకతీయ నగరమునుగూర్చి ప్రచారములోనున్న ఐతిహ్యమున, ధాన్యపు బండియిరుసు రాతికి తగిలి బంగారమైనదనియు, ఆ రాయి పరుసవేదియైన శివలింగమనియు, అచటనే స్వయంభూదేవాలయము వెలసినదనియు జెప్పుదురు. బంగారపు కథయు, గీటురాయి పేరును ఇంత దగ్గరగా నున్నప్పుడు ఓరుగల్లు ఒరగల్లునుండియే వచ్చినదని యూహింపవలెనని యెవరికైన దోచును. ఆ యూహ నిలువదు. ఊరిని సంస్కృతమున బిలిచిన పూర్వులు నికషమని గాని నికషోపలమని గాని యనువదింపక ఏకశిల యనిరి. వారి చెవికి ఓరు అనునది ఒకటియే. అనువాదమే యిట ప్రాచీనతమమైన వ్యాఖ్యానము. తమిళమున అచ్చునకు ముందు ఓర్, హల్లునకు ముందు ఒరు అని నియమముండగా ఇచట హల్లునకు ముందు దీర్ఘమేల వచ్చినదని యాక్షేపింపవచ్చును. పరభాషానియమము తెలుగూరి పేరును బంధింపజాలదు.

ఇక రాయి సంగతి. ఇది స్వతంత్రముగా నిలుచునది కనుక దీని స్నేహములు విస్తారములు. పూర్వపదమై రాతి యన్నప్పుడు రెండు త్రోవలు. రాతిగోడ, రాతికోట, రాతిస్తంభము అన్నచో రాతితో జేయబడినదని ద్రవ్యము దెలియును. రాతిగుండె యన్నచో ద్రవ్యము బోయి గుణము మిగులును. రాతిబొమ్మ యన్నచో రెండును గలవు. రామప్పగుడి నల్లరాతి మదనికను జూపి యన్నచో ద్రవ్యము, పలుకక నిలిచిన మనుష్యుని జూపి యన్నచో గుణము. పూర్వపదము రెంటను నొక్కటే. ఉత్తరపదమును వక్తయుద్దేశమును కలిసి యర్థమును నిర్ణయించుచున్నవి.

ఉత్తరపదమై నిలిచినప్పుడు వైచిత్ర్య మధికము. ఇసుకరాయి, సున్నపురాయి, పలుగురాయి, నాపరాయి యన్నవి రాతిజాతులు. పొలిమేరరాయి, హద్దురాయి యన్నవి పనిని జెప్పును, జాతిని జెప్పవు. తెలంగాణపు పల్లెలలో ఊరి నడుమ ప్రతిష్ఠించి పూజించు బొడ్రాయి కలదు. బొడ్డు రాయి బొడ్రాయి. నాభిశిల యని సంస్కరించి చెప్పుదురు. ఊరొక దేహమనియు, ఆ దేహమునకు నడుమ బొడ్డనియు నొక పెద్ద యూహ ఈ చిన్న సమాసమున నిమిడియున్నది. నాభియను సంస్కృతపదముకన్న బొడ్డను తెలుగు మాటయందే ఆ యూహ జీవము తోణికిసలాడుచున్నది.

కొన్నిచోట్ల రాయి రాయి గానేకాదు. ఆకురాయి యుక్కుతో జేయబడును. కమ్మరి, కంసాలి, వడ్రంగి దానితో రాచి నునుపు చేయుదురు. రాచు పని పూర్వము రాతిది గనుక పనిముట్టు ఇనుమైనను పేరు రాయిగానే నిలిచినది. తూకపురాళ్లును అట్టివే. అంగడిలో తక్కెడయందు వేయునవి ఇనుపగుండ్లే. వానిని నేటికిని రాళ్లనుచున్నారు. 1956 నాటి చట్టముతో శేరు, వీశెలు తొలగి కిలోలు వచ్చినవి గాని రాళ్లు తొలగలేదు. పాత్ర బరువునకు సరితూగుటకై వేయునది పడికట్టురాయి. ఆ పడికట్టే నేడు సాహిత్యవిమర్శలో పడికట్టుమాటలన్న ప్రయోగమై, అర్థముకొరకుగాక బరువుకొరకు వేయబడు మాటలను నిందించుచున్నది. అంగడినుండి విమర్శలోనికి వచ్చిన మాటలలో ఇంత చక్కగా నమరినది మరియొకటి కానరాదు.

మైలురాయి మిశ్రసమాసము, మైలు ఆంగ్లము, రాయి తెలుగు. బాటలమీద మైళ్లుపోయి కిలోమీటర్లు వచ్చినను జనులు మైలురాయినే యందురు. జీవితమున గొప్ప ఘట్టమను అర్థము దీనికి ఆంగ్లము ననుసరించి వచ్చినది. గీటురాయికి ప్రమాణమను నర్థము దేశీయముగనే గలదు. కంసాలి యింట నున్నదానిని కావ్యపరీక్షకు దెచ్చుట తెలుగువారికి ఒకరు నేర్పవలసిన పని గాదు. ఈ రెంటిని ఒక్క గాటకట్టి ఇంగ్లీషు పోకడలని త్రోసివేయు వారును, రెంటిని అచ్చతెలుగని మెచ్చుకొను వారును సమానముగా తొందరపడుచున్నారు.

క్రియలతో గూడిన శబ్దపల్లవములు వేరు. రాళ్లు రువ్వుట చేతి పని. గుండె రాయి చేసికొనుట మనసు పని. పంటిక్రింది రాయి యన్నప్పుడు అన్నములోని చిన్న పలుకు పెద్ద చిరాకునకు మారుపేరగును. నాలుగు రాళ్లు సంపాదించుట యన్నచో రాళ్లు ధనమే. ఇందు నాలుగు సంఖ్యయును గాదు, రాళ్లు శిలలును గావు. ఈ యర్థము బహువచనమునందును, సంపాదించు, వెనుకవేయు వంటి క్రియలతోడనే పుట్టును. అతనియొద్ద రాయి యున్నదన్నచో ధనమని యెవరును గ్రహింపరు. ఉంగరపు రాయి, ముక్కుపుడక రాయి యన్నచో రత్నము. ఇచట నగ పేరు ముందుండుటయే రాయికి వెల దెచ్చినది.

ఆంగ్లమున స్టోన్ అను నామవాచకమును ఇట్లే పలు మాటలతో గూడి పలు తెరగుల బ్రవర్తించును. మైల్‌స్టోన్, టచ్‌స్టోన్, గ్రైండ్‌స్టోన్ తెలుగు సమాసములతో సరితూగును. కడుపులోని రాళ్లును రెండు భాషల నొక్కటియే. ఆంగ్లేయులకు స్టోన్ పదునాలుగు పౌనుల తూనిక కూడ. మనుష్యుని బరువును వారు రాళ్లతో జెప్పుదురు. మన యంగడిరాళ్ల నెరిగిన బాలున కిది వింతగా దోపదు. కాని మామిడి, పీచు పండ్లలోని గట్టి గింజను సైతము వారు స్టోన్ అందురు. తెలుగున నది టెంక; మామిడిరాయి యన్న నగుబాటు. అనువాదపు ప్రశ్నపత్రములలో బాలురు తప్పులు చేయునది యిట్టిచోటనే. నిఘంటువులో స్టోన్ ఎదుట రాయి యని చూచి ప్రతిచోట రాతిని బెట్టుదురు. దోషము బాలునిది గాదు. మాటను దాని స్నేహితులనుండి వేరుచేసి యేకాకిగా నేర్పిన పద్ధతిది. నిఘంటువులందును ప్రధానపదమునకు దొరకిన స్థలము దాని సమాసములకు దొరకదు. అర్థభేదము నిజముగా దెలియునది ఆ సమాసములయందే.

సంస్కృతమునుండి వచ్చిన శిలాపదములలో ఒక్కదాని నడత చెప్పక విడువరాదు. పాషాణము సంస్కృతమున రాయి. పాషాణహృదయుడన్న సమాసమున తెలుగునను రాయియే. కాని పాషాణము మ్రింగెనన్నచో తెలుగున విషము మ్రింగెనని యర్థము. క్రియ మారగనే రాయి విషమైనది. అశ్మము అశ్మరియై వైద్యుల వశమైనది. ఉపలము కావ్యములు దాటి రాలేదు. శిల మాత్రము శాసనముతో గూడి శిలాశాసనమై చెరుగని యాజ్ఞకు బేరైనది. ఓరుగంటికి ఏకశిలతోబాటు ఏకోపలపురియను పేరును కలదు. ఉపలమైనను శిలయైనను మూలమున కల్లే.

ఇప్పుడు వివాదమునకు రావచ్చును. పోతన భాగవతావతారికలో ఏకశిలానగరము ప్రస్తావింపబడినది. అది ఓరుగల్లని ఒక పక్షము, కడపసీమలోని ఒంటిమిట్ట యని మరియొక పక్షము. ఇరువైపులను గట్టివాదనలు చేసిన పండితులు గలరు. ఒంటిమిట్ట కోదండరామాలయము ప్రసిద్ధము. 2014లో రాష్ట్రవిభజన పిమ్మట ఆంధ్రప్రదేశ ప్రభుత్వము శ్రీరామనవమి యుత్సవములను అచట అధికారికముగా జరుపుచున్నందున ఆ ప్రసిద్ధి మరింత పెరిగినది. వివాదమున శబ్దమెంతవరకు సాక్ష్యమిచ్చునన్నదే యిచట విచార్యము.

ఒంటిమిట్టను ఏకశిలగా సాధించుటకు రెండు మార్గములు గలవు. ఒంటి యనగా ఏక, మిట్ట యనగా శిల యన్నది మొదటిది. ఇది మిక్కిలి బలహీనము. మిట్ట యెత్తైన నేల, పల్లమునకు బ్రతియోగి. మిట్టపై రాళ్లుండవచ్చును, లేకపోవచ్చును. కల్లును శిల యనుటలో మాటకు మాట సరిపోవును. మిట్టను శిల యనుటలో సరిపోదు. రెండవ మార్గము బలమైనది. ఆ యాలయమున సీతారామలక్ష్మణుల మూర్తులు ఒక్క శిలయందే మలచబడినవందురు. అట్లైన ఏకశిలావిగ్రహములుగల నగరము ఏకశిలానగరమగును. నడుమ విగ్రహపదము లోపించినది. శాకపార్థివాదులవలె ఇది మధ్యమపదలోపిసమాసము. వ్యాకరణమున దోషము లేదు. ఒక్క బండగుట్ట గల నగరమును, ఒక్క రాత మూడు మూర్తులు గల నగరమును సంస్కృతమున నొక్క పేరే మోయగలదు. శిల తానే కొండయు కాగలదు, విగ్రహమునకు ఉపాదానమును కాగలదు. తెలుగున నీ సందిగ్ధము పుట్టదు. ఓరుగల్లన్నను ఒంటిమిట్టయన్నను ఒకదానిని మరియొకటిగా నెవరును పొరబడరు. అనువాదమున తెలుగు ఉత్తరపదములు రెండును శిలలో గరగిపోయినవి. కరగినదానినుండి మరల తెలుగును దీయ యత్నించుటయే ఈ వివాదపు మూలదోషము.

కావున ఏకశిలయను మాట మాత్రమే చూపి ఏ పక్షమును గెలిచితిననరాదు. చూపదగిన దొకటి గలదు. ప్రతాపరుద్రుడు 1289 మొదలు 1323 వరకు రాజ్యమేలెను. అతని యాస్థానమున విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయమున ఏకశిల కాకతీయ రాజధానికి పేరుగా వాడబడినది. పోతన పదునైదవ శతాబ్దివాడు. అనగా పోతనకు నూరేండ్లకు బైగా ముందే ఆ పేరు ఓరుగంటికి రూఢమై, కావ్యలోకమున బ్రచారమందినది. బమ్మెర గ్రామమును ఓరుగంటి సీమలోనిదే. రూఢిని బలముగా దలచువారికి ఈ సాక్ష్యము పెద్దది. యోగార్థమును బట్టి క్రొత్తగా నొక యూరిని సాధింపబూనువారు, ఆ పేరు ఆ యూరికి పోతననాటికే వాడుకయందున్నదని వేరు సాక్ష్యముతో జూపవలెను. సమాసము కుదిరినదనుట చాలదు.

వరంగల్ అను రూపమున నొక చిన్న విషయము మిగిలినది. పారసీక చరిత్రకారులు అరంగల్ అని వ్రాసిరి. ఆంగ్లేయుల వ్రాతలో వరంగల్ స్థిరపడినది. తొలి యోకారము వకారముగా మారుట సులభముగనే బోధపడును. నడుమ నున్న సున్న యెచటిది? ఓరుగల్లని నేడు వ్రాయువారికి ఆ సున్న పరదేశీయులు చేర్చిన కల్మషముగా దోచును. కాని పూర్వపు సుపరిష్కృత ముద్రణములందు ఈ పేరు ఓరుఁగల్లని యరసున్నతో గలదు. అరసున్న యున్నచోట ఒకప్పుడు నిండుసున్న పలికెడిదని వైయాకరణు లెరుగుదురు. తెలుగువారి నోట సన్నగిలి, వ్రాతలోను విడువబడిన యా బిందువును పరదేశీయుని చెవి నిండుగా విని భద్రపరచినట్లున్నది. రైలుస్టేషను పలకమీద మూడు లిపులలోను అది నేటికిని గలదు.